తొమ్మిది జెండాల గది

మా పెద్దమ్మ ముప్పై నాలుగేళ్ళు ఒకే లాండ్రీలో పనిచేసింది. బట్టలు ఉతకలేదు, ఇస్త్రీ చెయ్యలేదు. ఆమె పని గుర్తులు వెయ్యడం. ఏ ఇంటినుంచి మూట వచ్చినా ముందు ఆమె బల్ల మీదికే రావాలి. చొక్కా అయితే కాలరు లోపల, ప్యాంటు అయితే నడుము పట్టీ వెనక, దుప్పటి అయితే ఒక మూల, చెరగని సిరాతో చిన్న గుర్తు వేసేది. రెండు గీతలూ ఒక చుక్కా ఒక ఇంటిది. కొడవలిలాంటి వంపు, దాని కడుపులో అడ్డగీత ఇంకో ఇంటిది. ఆ తర్వాత అన్ని ఇళ్ళ బట్టలూ కలగాపులగంగా యంత్రాల్లో పడి, తిరిగి, ఆరి, కొండలా పోగై మళ్ళీ ఆమె ముందుకే వచ్చేవి. ఏది ఎవరిదో విడదీసి, మడిచి, మూట కట్టి పంపాలి. పేర్లు రాయొచ్చు కదా అంటారేమో. మూడో తరగతిలోనే చదువు ఆగిపోయిన పెద్దమ్మకి పేర్లు రాయడం అంత చేతికి లొంగే పని కాదు. అందుకని సొంతంగా గుర్తులు కల్పించుకుంది. లాండ్రీలో చిన్నా పెద్దా అందరూ ఆమెని గుర్తులమ్మ అనే పిలిచేవారు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే “తీరికేదీ?” అనేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. అప్పటినుంచి నన్ను పెంచింది పెద్దమ్మే. బడి వదిలాక నేను తిన్నగా లాండ్రీకి వెళ్ళి, ఆమె బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. వెచ్చటి దుప్పట్ల వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు నిద్ర ముంచుకొస్తుంది.

రెండేళ్ళ కిందట ఆ లాండ్రీవాళ్ళు బట్టలకి చిన్న చిన్న చీటీలు అతికించి, వాటిని ఎర్ర లైటు పెట్టి చదివే యంత్రం ఒకటి తెచ్చారు. పెద్దమ్మని ఎవరూ పొమ్మనలేదు. బల్ల మాత్రం తీసేశారు. నెల రోజులు కౌంటరు పక్కన కుర్చీలో కూర్చుంది. వచ్చేవాళ్ళు పలకరిస్తే పలికేది. చివరికి “ఊరికే కూచుంటే నడుం పట్టేస్తోందే” అని తనే మానేసి, రెండు సంచులు పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

ఇక మా ఇంట్లో మడతపడని గుడ్డంటూ మిగల్లేదు. మా ఆయన వేసుకుందామని మంచం మీద పెట్టుకున్న చొక్కా, ఆయన స్నానం చేసి వచ్చేలోపు మడత పడి బీరువాలోకి వెళ్ళిపోయేది. చెయ్యి తుడుచుకుని పక్కన పెట్టిన తువ్వాలు మరుక్షణం కనపడేది కాదు. “పెద్దమ్మా, నేనింకా వాడుతున్నా” అంటే “అయితే వాడుకో, ఎవరొద్దన్నారు?” అంటూ మడత విప్పి ఇచ్చి, మళ్ళీ తీసుకోవడానికి పక్కనే నిలబడేది. నవ్వేవాళ్ళం. కానీ ఆమె మాటలు మాత్రం రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. లాండ్రీ ఊసు ఎత్తితే “ఆ, ఏముందిలే” అని లేచి వెళ్ళిపోయేది.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. పొద్దస్తమానం కిచకిచమంటుందని పెద్దమ్మ దాన్ని పిచ్చుక అంటుంది. ఆ పిచ్చుక బడి మెట్ల మీద నాలుగు మెట్లు ఒకేసారి దూకబోయి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టుతో ఇంట్లో ఉండాలన్నారు. అది ఏడుస్తుంటే చూడలేక దాని స్నేహితురాలు, ఉంగరాల జుట్టు పిల్ల, తన దగ్గరున్న వీడియో గేమ్‌కి ఇంకో కాపీ తెచ్చిచ్చింది. ఆ పిల్ల కూడా అదే ఆడుతోంది. ఇద్దరూ ఒక ఒట్టు పెట్టుకున్నారు: ఎక్కడ ఆగిపోయినా నెట్‌లో జవాబు వెతకకూడదు. వెతికితే ఓడిపోయినట్టే.

ఆటలో భుజాన సంచీ తగిలించుకున్న ఒక అమ్మాయి ఉంటుంది. కొండ లోపల పాడుబడిపోయిన ఒక కోటలో గదులు దాటుకుంటూ పోవాలి. మొదటి రెండు వారాలు మా పిచ్చుక దూకినచోట దూకి, పాకినచోట పాకి, బాగానే నడిపించింది. పెద్దమ్మ అదే గదిలో కూర్చునేది గానీ టీవీ వైపు చూసేది కాదు. “ఆ పిల్ల అలా పరిగెడుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయే” అనేది. అంతకు ముందే ఆమెకి కంటి ఆపరేషన్ అయింది. కొత్త చూపుకి అంత హడావుడి పడేది కాదు.

మూడో వారంలో సంచీ అమ్మాయి ఒక గదిలో చిక్కుకుపోయింది. పెద్ద రాతి గది. పైకప్పునుంచి తొమ్మిది పాత జెండాలు వేలాడుతున్నాయి. ప్రతి జెండా మీదా ఒక గుర్తు. ప్రతి జెండా కిందా ఒక స్తంభం, స్తంభానికి ఒక రాతి చక్రం, చక్రం చుట్టూ పన్నెండు గుర్తులు. జెండా మీద ఏ గుర్తుందో వెతికి, అది ఎదురుగా వచ్చేలా చక్రం తిప్పాలి. తొమ్మిదీ కుదిరితే చివరున్న తలుపు తెరుచుకుంటుంది. పిచ్చుక తిప్పింది. తెరుచుకోలేదు. మళ్ళీ మొదటినుంచి తిప్పింది. రెండు రోజులు అదే పని. స్నేహితురాలికి ఫోన్ చేస్తే ఆ పిల్లా అక్కడే ఆగిపోయిందట.

ఆ రోజు ఆదివారం. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. మధ్యాహ్నం ఎండ ముందు గదిలోకి ఏటవాలుగా పడుతోంది. పెద్దమ్మ చేతిరుమాళ్ళ దొంతర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచీ అమ్మాయి పరిగెత్తకుండా రెండు రోజులుగా ఒకేచోట నిలబడి ఉండటంతో ఆమెకి కళ్ళు తిరగలేదు. మొదటిసారి టీవీ వైపు నిదానంగా చూసింది.

“ఆ పిల్ల నిన్ననుంచి అక్కడే నిలబడిందేంటే? పాపం కాళ్ళు లాగవూ?”

“తలుపు తెరుచుకోవట్లేదు పెద్దమ్మమ్మా!” పిచ్చుక ఏడుపు గొంతుతో అంది. దానికి పెద్దమ్మ వరసకి పెద్ద అమ్మమ్మ. ఆ మాటనే పెద్దమ్మమ్మ చేసుకుంది.

“తాళంచెవి పోయిందా?”

“తాళం కాదు. జెండా మీద ఉన్న గుర్తు, కింద చక్రం మీద పెట్టాలి. అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. నా ఖర్మ, అయినా రాదు.”

పెద్దమ్మ రుమాళ్ళు పక్కన పెట్టింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుంది. కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడు వంటింట్లోకి వినపడింది. “ఆ మూడోదాని దగ్గరికి తీసుకెళ్ళు” అంది.

“అది సరిగ్గానే ఉంది. చూడు, ఒక వంపు, కింద గీత. చక్రం మీదా అంతే.”

“వంపు ఎటు తిరిగుంది?”

“కుడివైపు.”

“నువ్వు చూస్తున్నది జెండా వెనకవైపు.”

“వెనకవైపని నీకెలా తెలుసు?”

“అంచు చూడు. గుడ్డ మడిచి కుట్టిన మడత మనవైపుంది. మడత ఎప్పుడూ లోపలికే కదా వస్తుంది! ఎవరో చూసుకోకుండా తిరగేసి వేలాడదీశారు. సిరా గుడ్డలోంచి దిగి వెనక కనపడుతోంది, అంతే. ముందునుంచి చూస్తే ఆ వంపు ఎడమకి తిరిగుంటుంది. అలాంటిది చక్రం మీద ఉందేమో చూడు.”

నేను కత్తిపీట వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చాను. పిచ్చుక చక్రం తిప్పింది. ఎడమకి తిరిగిన వంపు ఉంది. అది నోరు తెరిచి పెద్దమ్మ వైపు చూసి, మళ్ళీ టీవీ వైపు చూసింది.

“మిగతావాటి అంచులు కూడా చూపించు” అంది పెద్దమ్మ.

తొమ్మిదింట్లో మూడు జెండాలు తిరగబడి ఉన్నాయి. ఆ మూడింటి చక్రాలూ సరిచేశారు. తర్వాత ఐదో జెండా దగ్గర వాదన వచ్చింది. దాని మీద రెండు నిలువు గీతలున్నాయి. చక్రం మీద రెండు గీతల గుర్తూ ఉంది, మూడు గీతల గుర్తూ ఉంది.

“రెండే కదా పెద్దమ్మమ్మా, కళ్ళకి కనపడుతుంటే!”

“కనపడుతున్నవి రెండు. వేసినవి మూడు.”

“ఎలా చెబుతావ్?”

“రెండే వెయ్యదలుచుకున్నవాళ్ళు మధ్యలో అంత ఎడం ఎందుకు వదులుతారే? పక్కపక్కనే వేస్తారు. నడిమి గీత ఉతుకుల్లో పోయింది.” ఆమె లేచి టీవీ దాకా వెళ్ళి, తెర మీద వేలు పెట్టి చూపించింది. “ఇదిగో, పైన మొదలుపెట్టినచోట కాస్త నలుపు మిగిలింది చూడు. కలం ఆనించినచోట సిరా ఎక్కువ దిగుతుంది. అది ఓ పట్టాన పోదు. గీత చివర పలచన, ముందు అదే పోతుంది.”

దగ్గరికి జరిపి చూస్తే నిజంగానే అక్కడ ఆవగింజంత నలుపుంది. పిచ్చుక చక్రాన్ని మూడు గీతల మీదికి తిప్పింది. అలా ఒక్కొక్కటే చూసుకుంటూ తొమ్మిదీ పూర్తిచేశారు. ఎక్కడో రాయి రాయితో రాసుకున్న మోత వచ్చింది. తలుపు బెత్తెడు కదిలింది.

బెత్తెడు కదిలి ఆగిపోయింది.

పిచ్చుక కంట్రోలర్ మంచం మీదికి విసిరేసింది. పెద్దమ్మ ముఖం చూస్తే నాకు బెంగ వేసింది. బల్ల తీసేసిన రోజు కూడా ఆ ముఖం అలా లేదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. మాతో కాదన్నట్టు, టీవీతో చెప్పినట్టుగా అంది:

“ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటే తప్పు చేశాను. అదీ చుక్క దగ్గరే.”

“ఏం తప్పు?” పిచ్చుక ఇటు తిరిగింది.

“ఒక డాక్టరుగారివీ, ఒక మంగలాయనవీ తెల్లకోట్లు వచ్చేవి. డాక్టరుగారిది ఒక వంపు, రెండు చుక్కలు. మంగలాయనది ఒక వంపు, ఒక చుక్క. డాక్టరుగారి కోటు మీద చుక్క ఒకటి పోయింది. నేను చూసుకోలేదు. రెండూ ఒకేలా కనపడేసరికి ఆయనది ఈయనకీ, ఈయనది ఆయనకీ పంపించేశాను.”

“డాక్టరు తిట్టాడా?”

“ఆయన గంటలోనే మనిషిని పంపించాడు, పొట్టకి బిగుతుగా ఉందని. మంగలాయనే మూడు రోజులు నోరు మెదపలేదు. ఆ కోటు మీద డాక్టరు అని దారంతో కుట్టుంది కదా. గడ్డం చేయించుకోడానికి వచ్చినవాళ్ళంతా ‘డాక్టరుగారూ, డాక్టరుగారూ’ అంటుంటే బాగుందట మహానుభావుడికి. ఇవ్వవయ్యా బాబూ అంటే, ‘రేప్పొద్దున ఇస్తానమ్మా, ఇవాళ కాస్త రద్దీగా ఉంది’ అన్నాడు.”

పిచ్చుక పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళుగా ఆమె పక్కన ఉన్న నేను ఈ కథ అదే మొదటిసారి వినడం. నవ్వుతూనే పిచ్చుక ఏదో తట్టినట్టు ఆగింది.

“పెద్దమ్మమ్మా, ఇక్కడ చుక్క ఉన్న జెండా ఒకటే. ఎనిమిదోది.”

“దాని దగ్గరికి పోనీ.”

ఎనిమిదో జెండా మీద గుండ్రటి సున్నా, దాని పక్కన ఒక చుక్క. చక్రం మీద చుక్క ఉన్న సున్నా ఉంది, లేని సున్నా ఉంది, చుక్క లోపల ఉన్న సున్నా కూడా ఉంది. పెద్దమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

“ఈ చుక్క నాకు నచ్చలేదు. గుర్తు వేసిన చెయ్యి ఇంత వంకరగా చుక్క పెట్టదు. ఇంకో చుక్క పోయిందేమో మరి.” గొంతులో నమ్మకం లేదు.

పిచ్చుక సంచీ అమ్మాయిని జెండా కిందికి నడిపించి, తల ఎత్తి పైకి చూసేలా చేసింది. జెండా కట్టిన తాడు మీద కూడా అదే రంగు చుక్క ఉంది. ఇంకా పైన, పైకప్పు రాళ్ళ మధ్య సన్నటి పగులు. చూస్తుండగానే అందులోంచి ఒక బొట్టు జారి, తాడు మీదుగా జెండా మీదికి దిగింది.

“నీళ్ళు కారుతున్నాయి!” పిచ్చుక అరిచింది.

“మరకే! గుర్తు కాదు, మరక!” పెద్దమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. “తుప్పు నీళ్ళ మరక. అయ్యో నా మతి మండా, మరకకీ సిరాకీ తేడా తెలీకపోయిందే! తిప్పు, తిప్పు, ఖాళీ సున్నా పెట్టు!”

పిచ్చుక తిప్పింది. ఈసారి మోత ఆగలేదు. తలుపు పూర్తిగా పక్కకి జరిగి, అవతలినుంచి పచ్చటి వెలుగు గదంతా పడింది. పిచ్చుక కాలికి కట్టుందన్న సంగతి మర్చిపోయి గెంతబోయింది. నేను పరిగెత్తి నడుం పట్టుకోకపోతే ఇంకో ఆరు వారాలు ఖాయం. అది నన్ను వదిలించుకుని పెద్దమ్మ మెడ కావిలించుకుంది. పెద్దమ్మ ఒక చేత్తో దాని వీపు నిమురుతూ, తలుపు అవతల కనపడుతున్న మెట్లకేసి చూస్తూ అడిగింది:

“ఇంతేనా? ఇంకా గదులున్నాయా?”

మర్నాడు సాయంత్రం ఉంగరాల జుట్టు పిల్ల ఊడిపడింది. తలుపు తెరిచింది ఒక ముసలావిడంటే ఆ పిల్ల నమ్మలేదు. నెట్‌లో చూసి ఉంటారని గొడవపెట్టుకుంది. పెద్దమ్మ ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, “జవాబు చెప్పను. ఒట్టు పెట్టుకున్నారుగా? ఇంటికెళ్ళి గుడ్డల అంచులు చూసుకో. అంతకు మించి అడక్కు” అంది. గంటన్నర తర్వాత ఫోన్ మోగింది. అవతల కేకలు నాకు వంటింట్లోకి వినపడ్డాయి. “మీ పెద్దమ్మమ్మకి ఇవ్వు! ఆమెకే ఇవ్వు!”

ఆ ఫోన్ తర్వాత పిచ్చుక పెద్దమ్మని వదల్లేదు. ఒక నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టి, లాండ్రీలో వేసిన గుర్తులన్నీ గీసి చూపించమంది. నేను ఇన్నాళ్ళూ అడిగితే “ఏముందిలే” అన్న మనిషి, దానికోసం రోజుకి రెండు పేజీలు గీసింది. గుర్తులు ఆరువందలకి పైగా వచ్చాయి. పేరు ఒక్కటీ తెలియదు గానీ, గుర్తు గీస్తూ ఆ ఇంటి సంగతి మొత్తం చెప్పేది. పిచ్చుక దాన్ని గుర్తు పక్కనే రాసేది. ఈ ఇంట్లో మొదట చిన్న చొక్కాలు వచ్చేవి, తర్వాత బడి యూనిఫాం, ఆ తర్వాత చొక్కాకి ఇంజన్ ఆయిలు మరకలు, అంటే పిల్లాడు మెకానిక్ అయ్యాడు. ఈ ఇంట్లో ఒకావిడ ఎప్పుడూ జేబులో బఠాణీలు మర్చిపోయేది.

ఒక పేజీ దగ్గర ఆగింది. రెండు గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న గుర్తు.

“ఈ ఇంటినుంచి మొదట ఇద్దరి బట్టలు వచ్చేవి. ఒక ఎండాకాలంనుంచి మగవాళ్ళ చొక్కాలు రావడం మానేశాయి. నేనేం అడగలేదు. గుర్తు మాత్రం మార్చలేదు. ఒక గీత తీసేస్తే ఆవిడ కంట పడుతుందేమో అనిపించింది.”

పిచ్చుక ఆ పేజీ మీద ఏమీ రాయకుండా నెమ్మదిగా తిప్పింది. దానికి అంత నెమ్మది ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

కట్టు విప్పారు. పిచ్చుక బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళే ముందు రోజూ ఆట పెట్టి, కంట్రోలర్ పెద్దమ్మ చేతికిచ్చి, “ఇది నొక్కితే నడుస్తుంది, ఇది నొక్కితే దూకుతుంది, ఏం కాదు, భయపడకు” అని చెప్పి వెళ్ళేది. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి సంచీ అమ్మాయి గోడకి ముఖం ఆనించి నడుస్తూ ఉండేది. పెద్దమ్మ గోడనే తిడుతూ ఉండేది. ఒకరోజు వచ్చి చూస్తే సంచీ అమ్మాయి ఒక పల్లెలో, ఏటి ఒడ్డున కదలకుండా నిలబడి ఉంది. పెద్దమ్మ కోపంగా ఉంది.

“చూడవే, దండెం మీద చొక్కాలు భుజాలు పట్టుకుని ఆరేశారు. భుజాలు సాగిపోవూ? కిందినుంచి కదా వెయ్యాలి! చెబుదామంటే ఈ ఊళ్ళో ఒక్కరూ మాట్లాడరు.”

ఆ ఆట పూర్తికావడానికి నాలుగు నెలలు పట్టింది. దూకుళ్ళూ పరుగులూ పిచ్చుకవి. గుర్తులూ, చక్రాలూ, రాతి పలకలూ పెద్దమ్మవి. అన్నీ ఆమెకి తెలిసినవే అయ్యాయనుకోకండి. నక్షత్రాల గదిలో పది రోజులు తంటాలు పడి, చివరికి ఉంగరాల జుట్టు పిల్లనే బతిమాలుకున్నారు. ఆ పిల్ల కూడా జవాబు చెప్పలేదు. “పైకి చూడండి, అంతే” అని దర్జాగా ఫోన్ పెట్టేసింది. పెద్దమ్మకి ఆ పిల్లంటే ఆ రోజునుంచి గౌరవం పెరిగింది.

ఇప్పుడు ఇద్దరూ రెండో ఆట మొదలుపెట్టారు. అందులో పెద్ద మైదానం, ఒక గుర్రం. ఆ గుర్రానికీ పెద్దమ్మకీ పొత్తు కుదరడం లేదు. ఆమె ఎటు తిప్పినా అది ఏట్లోకే దిగుతుంది. నిన్న నేను ఇంటికి వచ్చేసరికి గుర్రం ఒక్కటే దూరంగా గడ్డి మేస్తోంది. మనిషి మాత్రం ఎండలో కొండ ఎక్కుతూ కనపడింది.

“గుర్రం ఎక్కొచ్చు కదా పెద్దమ్మా, ఎంత దూరం నడిపిస్తావ్?” అన్నాను చెప్పులు విప్పుతూ.

“పోనీలేవే, దాని మానాన దాన్ని మెయ్యనీ” అంది తెర మీదనుంచి చూపు తిప్పకుండా. “నాకేం తొందర? పిచ్చుక వచ్చేలోపు ఆ గట్టు దాటితే చాలు. నువ్వు వెళ్ళి కాసిని టీ పెట్టు.”